గోడవైపు తిరిగిన లింకన్ ఫొటో: అమెరికా నల్లజాతి ఓటర్లు పార్టీ ఎప్పుడు, ఎందుకు మారారు?

అమెరికాలో ఎన్నికలు వస్తే మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లోనూ వేడి రాజుకుంటుంది. డల్లాస్‌లో ఉండే బావ ఒక ఫార్వర్డ్ పడేస్తాడు: "బానిసత్వం రద్దు చేసింది రిపబ్లికన్ లింకన్. నల్లవాళ్లను అణగదొక్కింది డెమోక్రాట్లు. అయినా వాళ్ల ఓటు డెమోక్రాట్లకే. చోద్యం కాకపోతే ఏంటి?" న్యూజెర్సీ పిన్ని కొడుకు ఊరుకోడు: "అదంతా పాత కథ బావా, 1960ల్లో రెండు పార్టీలూ అటుదిటు ఇటుదటు అయిపోయాయి."

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఇద్దరి లెక్కలోనూ ఒక తేదీ మాత్రం ఇమడదు. నల్లజాతి ఓటర్లలో ఎక్కువమంది మొదటిసారి డెమోక్రాట్లకు ఓటేసింది 1960ల్లో కాదు, 1936లో. అప్పటికి దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్లను పోలింగ్ బూత్ దరిదాపులకు రానివ్వనిది ఆ డెమోక్రటిక్ పార్టీయే. మరి ఆ పార్టీకే వెళ్లి ఎందుకు ఓటేశారు? చిక్కుముడి అక్కడుంది.

హైకమాండ్ లేని పార్టీలు

మనకు పార్టీ అంటే హైకమాండ్, బీఫాం, విప్. పైనుంచి టికెట్ ఇస్తేనే అభ్యర్థి. విప్ ధిక్కరిస్తే పదవి పోతుంది. ఈ కళ్లతో అమెరికా రాజకీయం చూస్తే సగం అర్థం కాదు.

అక్కడ కాంగ్రెస్ (సెనేట్, ప్రతినిధుల సభ కలిసిన వాళ్ల పార్లమెంటు) సీట్లకు పార్టీ అభ్యర్థి ఎవరో చాలావరకు తేల్చేది ప్రైమరీ. అంటే అసలు ఎన్నికకు ముందు, ఆ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో మామూలు ఓటర్లే ఓటేసి చెప్పే ఎన్నిక. గెలిచాక సభలో పార్టీ మాట వినకపోయినా సభ్యత్వానికి ఢోకా లేదు. పార్టీ ఫిరాయింపుల చట్టం లాంటిది అక్కడ లేదు. అందుకని ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఒకే పేరుతో రెండు పార్టీలు నడిచాయి. మిసిసిపీ డెమోక్రాట్ అంటే నల్లవాళ్లను వేరుగా ఉంచాలనే తెల్ల భూస్వామి వర్గం. న్యూయార్క్, షికాగో డెమోక్రాట్ అంటే వలస కార్మికులు, యూనియన్లు, వార్డు లీడర్లు. కండువా ఒకటే, కడుపులో మాట వేరు.

మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1965 దాకా దక్షిణాదిలో ఎక్కువమంది నల్లవాళ్లకు ఓటు కాగితం మీదే ఉండేది. కాబట్టి 1936లో 'నల్లజాతి ఓటు' అంటే ప్రధానంగా ఉత్తరాది నగరాల ఓటు.

లింకన్ పార్టీ అంటే అది

రిపబ్లికన్ పార్టీ 1854లో పుట్టిందే బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదనే పట్టుదలతో. 1860లో లింకన్ గెలిచాడు, అంతర్యుద్ధం వచ్చింది, 1865లో 13వ రాజ్యాంగ సవరణతో బానిసత్వం పోయింది. 14వ సవరణ పౌరసత్వం ఇచ్చింది. 1870లో వచ్చిన 15వ సవరణ జాతి, రంగు కారణంగా ఓటు నిరాకరించకూడదంది. అదే ఏడాది మిసిసిపీ నుంచి హైరం రెవెల్స్ సెనేట్‌కు, దక్షిణ కరోలినా నుంచి జోసెఫ్ రైనీ ప్రతినిధుల సభకు వెళ్లారు. ఇద్దరూ రిపబ్లికన్లే. యుద్ధం తర్వాతి ఆ పునర్నిర్మాణ కాలంలో దక్షిణాదిలో సుమారు 2,000 మంది నల్లజాతీయులు ఏదో ఒక ప్రజాపదవిలో కూర్చున్నారు. ఐదారేళ్ల కింద తాము అమ్ముడుపోయిన ఊళ్లోనే కొందరు అధికారులయ్యారు. అలాంటి వాళ్లు రిపబ్లికన్ పార్టీ వెంట నడవకపోతేనే ఆశ్చర్యపోవాలి.

1877 నాటికి ఆ ముచ్చట తీరిపోయింది. వివాదంలో పడ్డ 1876 అధ్యక్ష ఎన్నిక రాజీలో తేలింది. రిపబ్లికన్ హేస్‌కు పదవి దక్కింది, దక్షిణాదిలో రిపబ్లికన్ ప్రభుత్వాలకు కాపు కాసిన కేంద్ర సైన్యం బ్యారక్స్‌కు మళ్లింది. తర్వాత ఓటును లాగేసుకోవడం చట్టబద్ధంగానే జరిగింది. 1890 మిసిసిపీ రాజ్యాంగం 2 డాలర్ల ఓటు పన్ను పెట్టింది. రాజ్యాంగంలో ఏదో ఒక సెక్షన్ చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి అంది. ఏ సెక్షన్ అడగాలో, చెప్పిన అర్థం సరైనదో కాదో తేల్చేది కౌంటర్‌లో కూర్చున్న తెల్ల గుమాస్తా. 1898లో లూసియానా ఇంకో మెట్టు ఎక్కింది. 1867కు ముందు తాతకో తండ్రికో ఓటుంటే నీకు ఈ పరీక్షలు అక్కర్లేదంది. బానిసగా బతికిన తాతకు ఓటెక్కడిది? ఆ రాష్ట్రంలో 1896లో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లు నమోదై ఉంటే, 1904కు మిగిలింది 1,342.

ఇదంతా చేసింది దక్షిణాది డెమోక్రాట్లు. బావ ఫార్వర్డ్ ఇక్కడిదాకా కరెక్టే. అయితే రిపబ్లికన్లు ఏం చేశారు? పెద్దగా ఏమీ చేయలేదు. దక్షిణాదిలో ఆ పార్టీలోనే 'మాది తెల్లవాళ్ల పార్టీ' అనే వర్గం పైకొచ్చింది. లింకన్ పేరు మిగిలింది, పని మిగల్లేదు.

రైలెక్కి వచ్చిన ఓటు

1910 నుంచి 1970 మధ్య దాదాపు 60 లక్షల మంది నల్లజాతీయులు దక్షిణాది పత్తి చేలు వదిలి షికాగో, డెట్రాయిట్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ లాంటి నగరాలకు వెళ్లారు. దీన్ని చరిత్రలో మహా వలస అంటారు. మిసిసిపీలో ఓటు లేని మనిషి ఇల్లినాయ్ సెంట్రల్ రైలెక్కి షికాగోలో దిగితే ఓటరయ్యేవాడు. నా ఉద్దేశంలో ఈ కథ మొత్తంలో అసలు మలుపు ఇదే. ఏ నాయకుడి ప్రసంగమూ ఇంత పని చేయలేదు.

షికాగో సౌత్ సైడ్ దీనికి మంచి నమూనా. 1928లో అక్కడి నుంచి ఆస్కార్ డిప్రీస్ట్ కాంగ్రెస్‌కు గెలిచాడు. 1901 తర్వాత కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి సభ్యుడు ఆయనే. పార్టీ రిపబ్లికన్. ఇంతలో మహా మాంద్యం ముంచుకొచ్చింది. మిల్లులు మూతపడితే ముందు ఉద్యోగం పోయేది నల్లవాడికే. అయినా 1932లో షికాగో నల్లజాతి వార్డులు రిపబ్లికన్ హూవర్‌నే గెలిపించాయి.

ఆ ఏడాదే పిట్స్‌బర్గ్ కొరియర్ పత్రిక సంపాదకుడు రాబర్ట్ వాన్ క్లీవ్‌లాండ్ సభలో ఒక మాటన్నాడు: ఇంటికి వెళ్లి లింకన్ ఫొటోను గోడవైపు తిప్పేయండి, ఆ బాకీ పూర్తిగా తీరిపోయింది. గోడ మీద నాయకుడి ఫొటో అంటే ఏమిటో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. దాన్ని తీసేయమనలేదు, తిప్పమన్నాడు. అప్పటికి విన్నవాళ్లు తక్కువ.

రెండేళ్లకు సీన్ మారింది. 1934లో అదే సౌత్ సైడ్‌లో డిప్రీస్ట్‌ను ఆర్థర్ మిచెల్ ఓడించాడు. మిచెల్ కూడా నల్లజాతివాడే, ఒకప్పుడు రిపబ్లికనే. కానీ నిలబడింది డెమోక్రాట్‌గా, 1932లో హూవర్‌ను ఓడించి అధ్యక్షుడైన డెమోక్రాట్ రూజ్‌వెల్ట్ పేరు చెప్పుకొని. డిప్రీస్ట్ కేంద్రం ఇచ్చే సహాయ పథకాలను వ్యతిరేకించాడు. తిండికి లేక క్యూలో నిలబడ్డ ఓటరుకు ఆ వాదన ఎక్కలేదు. అలా కాంగ్రెస్‌లోకి మొదటి నల్లజాతి డెమోక్రాట్ వచ్చాడు.

1936: ఓటు మారింది, మనసు ఇంకా మారలేదు

1936లో రూజ్‌వెల్ట్‌కు నల్లజాతి ఓట్లలో సుమారు 71 శాతం వచ్చాయని అంచనా. కారణం న్యూ డీల్: ప్రభుత్వం పెట్టిన ఉపాధి పనులు, రిలీఫ్ చెక్కులు.

ఆ పథకాలు నల్లవాళ్ల మీద ప్రేమతో పుట్టినవి కావు. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనిచేసేవాళ్లను పక్కన పెట్టింది. దక్షిణాది నల్లవాళ్లలో ఎక్కువమంది చేసేవి ఆ రెండు పనులే. మూకలు నల్లవాళ్లను చంపే ఘోరాలకు వ్యతిరేకంగా బిల్లు వస్తే దాని కోసం రూజ్‌వెల్ట్ గట్టిగా నిలబడలేదు. తన పథకాలు సభలో నెగ్గాలంటే దక్షిణాది డెమోక్రాట్ల ఓట్లు కావాలి మరి. అంతా తెలిసే ఓటేశారు. పస్తులున్న ఇంట్లో పొయ్యి వెలిగింది, వాళ్లు చూసుకున్నది అది.

ఇక్కడ రెండు మాటలు విడదీసి చూడాలి. ఒక ఎన్నికలో ఓటేయడం వేరు, 'నేను ఫలానా పార్టీ మనిషిని' అనుకోవడం వేరు. 1936లో 71 శాతం మంది రూజ్‌వెల్ట్‌కు ఓటేసినా, తాము డెమోక్రాట్లమని చెప్పుకున్నవాళ్లు 44 శాతమే. 37 శాతం మంది ఇంకా రిపబ్లికన్లమనే అన్నారు. 1944లో చూస్తే రెండు పక్కలా చెరో 40 శాతం. అంటే ఎనిమిదేళ్లపాటు చాలామంది లింకన్ ఫొటో ఇంట్లో ఉంచుకొనే రూజ్‌వెల్ట్‌కు ఓటేశారు.

ఇరవై ఏళ్ల ఊగిసలాట

1948లో డెమోక్రాట్ అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో జాతి వివక్షను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. ఆయన పౌర హక్కుల బాట పట్టాడని దక్షిణాది డెమోక్రాట్లు అప్పటికే భగ్గుమన్నారు. దక్షిణ కరోలినా గవర్నర్ స్ట్రామ్ థర్మండ్ వేరు కుంపటి పెట్టి 4 రాష్ట్రాలు ఎత్తుకుపోయాడు. ట్రూమన్‌కు మాత్రం నల్లజాతి ఓట్లు 77 శాతం పడ్డాయి, అధ్యక్ష పదవీ దక్కింది.

అయినా లెక్క తేలిపోలేదు. 1956లో రిపబ్లికన్ ఐజన్‌హోవర్‌కు నల్లజాతి ఓట్లలో 39 శాతం వచ్చాయి. న్యూయార్క్‌లోని హార్లెం నుంచి గెలిచిన నల్లజాతి డెమోక్రాట్ ఆడమ్ క్లేటన్ పావెల్ స్వయంగా ఆయనకు మద్దతిచ్చాడు. 1960లో నల్లజాతి బేస్‌బాల్ హీరో జాకీ రాబిన్సన్ రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్ తరఫున తిరిగాడు.

ఆ 1960 అక్టోబర్ రెండో సగంలో జరిగిన సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. అట్లాంటాలో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో నిరసనకు కూర్చున్నందుకు మార్టిన్ లూథర్ కింగ్‌ను అరెస్టు చేశారు. పాత డ్రైవింగ్ లైసెన్స్ కేసు తవ్వి తీసి 4 నెలల కఠిన శిక్ష వేశారు, రాత్రికి రాత్రి రీడ్స్‌విల్ జైలుకు తరలించారు. ఇంట్లో భార్య కొరెట్టా గర్భవతి. నిక్సన్ ప్రత్యర్థి, డెమోక్రాట్ జాన్ కెనడీ ఆమెకు ఫోన్ చేసి ధైర్యం చెప్పాడు, తమ్ముడు రాబర్ట్ జడ్జికి ఫోన్ చేశాడు. కింగ్ బయటికొచ్చాడు. నిక్సన్ ఏమీ మాట్లాడలేదు. కెనడీ క్యాథలిక్ అని ముందు నిక్సన్ వైపు మొగ్గిన కింగ్ తండ్రి, బాప్టిస్ట్ పాస్టర్, ఇప్పుడు 'నా దగ్గర సూట్‌కేస్ నిండా ఓట్లున్నాయి, తీసుకెళ్లి కెనడీ ఒళ్లో కుమ్మరిస్తా' అన్నాడు. పోలింగ్ ముందు ఆదివారం నల్లజాతి చర్చిల దగ్గర నీలం రంగు కరపత్రాలు పంచారు. షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో కెనడీ గెలిచింది 9,000 లోపు ఓట్ల తేడాతో. ఒక్క ఫోన్ కాల్ ఎన్నిక గెలిపించిందని కథలుగా చెప్పుకుంటారు కానీ, నిక్సన్‌కు అప్పటికీ 32 శాతం నల్లజాతి ఓట్లు పడ్డాయన్నది మరవకూడదు. మూడింట ఒక వంతు తక్కువేం కాదు.

1964 ఓటింగ్: ఒకే లెక్క, రెండు జవాబులు

ఫార్వర్డుల్లో తరచూ తిరిగే అంకె ఇది: జాతి వివక్షను నిషేధించిన పౌర హక్కుల చట్టానికి రిపబ్లికన్లే ఎక్కువ శాతం ఓటేశారని. 1964 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభలో బిల్లు 290–130తో నెగ్గింది. అనుకూలంగా డెమోక్రాట్లు 248 మందిలో 152, అంటే 61 శాతం. రిపబ్లికన్లు 172 మందిలో 138, అంటే 80 శాతం. లెక్క కరెక్టే.

ఇప్పుడు అదే లెక్కను ప్రాంతాలవారీగా విడగొడదాం. అంతర్యుద్ధంలో తిరుగుబాటు చేసిన 11 దక్షిణ రాష్ట్రాలను పక్కకు తీస్తే, మిగతా దేశంలో డెమోక్రాట్లు 154 మందిలో 145, అంటే 94 శాతం. రిపబ్లికన్లు 162 మందిలో 138, అంటే 85 శాతం. దక్షిణాదిలో డెమోక్రాట్లు 94 మందిలో 7గురు. రిపబ్లికన్లు 10 మందిలో ఒక్కరూ లేరు. అంటే ఏ ప్రాంతంలో చూసినా డెమోక్రాట్ల శాతమే ఎక్కువ, కలిపి చూస్తే మాత్రం రిపబ్లికన్ల శాతం ఎక్కువ! ఇందులో మాయ లేదు. వ్యతిరేకత అంతా దక్షిణాదిలో ఉంది, అక్కడి సీట్లలో ఎక్కువ డెమోక్రాట్లవి. ఆ బరువు మొత్తం సగటును కిందికి లాగింది. ఇద్దరు బావమరుదులూ ఒకే పట్టిక చూపించి పోట్లాడుకోవచ్చు.

ఓటర్లు ఈ శాతాలు కూడబెట్టి చూడలేదు. ఆ నవంబర్ అధ్యక్ష ఎన్నికలో బ్యాలెట్ మీద ఎవరున్నారో చూశారు. చట్టం మీద సంతకం పెట్టిన డెమోక్రాట్ అధ్యక్షుడు జాన్సన్ ఒకపక్క, సెనేట్‌లో దానికి వ్యతిరేకంగా ఓటేసిన రిపబ్లికన్ గోల్డ్‌వాటర్ మరోపక్క. గోల్డ్‌వాటర్ జాతి వివక్షను సమర్థించానని అనలేదు. కేంద్రానికి అంత అధికారం లేదన్నది ఆయన వాదన. మిసిసిపీ తెల్ల ఓటరుకు, షికాగో నల్ల ఓటరుకు ఆ వాదన ఒకేలా వినిపించింది. మిసిసిపీలో ఆయనకు 87 శాతం ఓట్లు పడ్డాయి. దేశం మొత్తంలో నల్లజాతి ఓట్లు జాన్సన్‌కు 94 శాతం. తాము డెమోక్రాట్లమని చెప్పుకునేవాళ్లు 1960లో 58 శాతం ఉంటే 1964లో 82 అయ్యారు. మనసు మారింది అప్పుడు.

ఓటు కోసం 26 మైళ్లు

అదే వేసవిలో జరిగిన ఒక సంఘటన చెప్పకుండా డెమోక్రాట్లకు మంచి సర్టిఫికెట్ ఇచ్చేయకూడదు. ఫానీ లూ హేమర్ మిసిసిపీలో పత్తి చేలో పనిచేసే మనిషి. 1962 ఆగస్టు 31న మరో 17 మందితో కలిసి ఓటు నమోదుకు 26 మైళ్ల దూరంలోని ఇండియనోలా కోర్టుకు బస్సులో వెళ్లింది. రాష్ట్ర రాజ్యాంగంలో చట్టాల గురించిన ఒక సెక్షన్ ఇచ్చి అర్థం చెప్పమన్నారు. ఫెయిల్ చేశారు. తిరిగొస్తుంటే పోలీసులు బస్సు ఆపి, రంగు సరిగ్గా లేదని ఫైన్ వేశారు. ఇంటికి చేరాక, 18 ఏళ్లుగా పనిచేసిన తోట యజమాని 'దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా వెళ్లిపో' అన్నాడు. ఆ రాత్రే బయటికొచ్చేసింది.

1964 ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ మహాసభ. మిసిసిపీ నుంచి వచ్చిన ప్రతినిధులంతా తెల్లవాళ్లే. మేమే అసలు ప్రతినిధులమని హేమర్ బృందం పోటీగా వచ్చి, టీవీ కెమెరాల ముందు ఈ కథంతా చెప్పింది. జాన్సన్ వర్గం రెండు సీట్లిస్తామంది. వాళ్లు కాదన్నారు. ఇలాంటి పరీక్షలను ఆపించిన ఓటింగ్ హక్కుల చట్టం వచ్చింది మరుసటేడు. మిసిసిపీలో నల్లజాతి ఓటర్ల నమోదు 6.7 శాతం నుంచి 1967కల్లా 59.8 శాతానికి ఎగబాకింది. కొత్తగా నమోదైన వాళ్లు తమ ఊరి తెల్ల డెమోక్రాట్లను తోసుకుంటూ ఆ పార్టీలోకి వెళ్లారు.

పార్టీలు 'అటుదిటు' అవడం కూడా ఒక్క రాత్రిలో జరగలేదు. థర్మండ్ 1964లోనే రిపబ్లికన్ అయ్యాడు కానీ, ఆయన వెంట దక్షిణాది నాయకులంతా గుంపుగా రాలేదు. 1976లో కార్టర్ దక్షిణాదిని దాదాపు ఊడ్చేశాడు. ప్రతినిధుల సభలో దక్షిణాది సీట్లలో రిపబ్లికన్లకు మెజారిటీ వచ్చింది 1994 ఎన్నికల్లోనే. అంటే ముప్పై ఏళ్లు పట్టింది. పిన్ని కొడుకు చెప్పే '1960ల మార్పిడి'కి ఈ రెండు సవరణలు చేయాలి: నల్లజాతి ఓటు అంతకుముందే కదిలింది, తెల్ల దక్షిణాది ఆ తర్వాత చాలాకాలానికి గానీ పూర్తిగా కదల్లేదు.

ఇంత గట్టిగా ఎందుకు అంటిపెట్టుకున్నారు?

నల్లజాతి ఓటర్లలో చర్చికి క్రమం తప్పకుండా వెళ్లేవాళ్లు, తమను కన్జర్వేటివ్‌లుగా చెప్పుకునేవాళ్లు తక్కువేమీ కాదు. అయినా వాళ్లలోనూ ఎక్కువమంది ఓటు డెమోక్రాట్లకే. ఎందుకన్నది పండితులు ఇంకా తేల్చుకోలేదు. మైఖేల్ డాసన్ చెప్పేది ముడిపడ్డ బతుకుల సిద్ధాంతం: మన జాతికి ఏం జరిగితే నాకూ అదే జరుగుతుందని అనుకున్న మనిషి, సొంత ఆదాయం చూసుకొని కాక జాతి మేలు చూసి ఓటేస్తాడు. ఇస్మాయిల్ వైట్, క్రిల్ లేర్డ్ మరో కోణం చూపిస్తారు. చర్చి, వీధి, బంధువులు, వీళ్ల మధ్య బతికేవాడికి వేరే పార్టీ అని చెప్పడం మొహమాటంగా ఉంటుందని. పెళ్లి భోజనాల్లో ఊరందరి పార్టీకి ఎదురు మాట్లాడి చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పాల్ ఫ్రైమర్ ఇంకాస్త కటువుగా అంటాడు: ఒక పార్టీ 'వీళ్లెక్కడికి పోతారులే' అనుకుంటుంది, ఇంకో పార్టీ 'వీళ్లెలాగూ మనకు వేయరు' అనుకుంటుంది, మధ్యలో ఓటరు ఇరుక్కుపోతాడని. నల్లజాతి రిపబ్లికన్లు చాలాకాలంగా చేసే ఫిర్యాదూ దాదాపు ఇదే. దానికి డెమోక్రాట్ల జవాబు: ఓటు హక్కు మీద, వివక్ష మీద అవతలి పార్టీ తీరు చూసే జనం మావైపు ఉన్నారు, ఇరుక్కొని కాదు. నాకైతే మొదటి రెండు వాదనలూ ఒకదానికొకటి పోటీ అనిపించవు. వేర్వేరు మనుషుల విషయంలో వేర్వేరుగా నిజమవుతాయి.

2024 తర్వాత లెక్క

ఒబామాకు 2008లో 95 శాతం దాకా వెళ్లిన ఈ ఓటు కాస్త సడలుతోంది. ప్యూ అనే సర్వే సంస్థ లెక్క ప్రకారం ట్రంప్‌కు 2020లో 8 శాతం నల్లజాతి ఓట్లు వస్తే 2024లో 15 శాతం వచ్చాయి. మగవాళ్లలో దాదాపు ఐదో వంతు. ఇది కొత్త మలుపని కొందరు, ధరల మీద కోపమే తప్ప పార్టీ మారడం కాదని కొందరు అంటున్నారు. 1936 పాఠం ఇక్కడ పనికొస్తుంది: ఓటు మారినంత మాత్రాన పార్టీ మనిషి మారినట్టు కాదు, దానికి అప్పట్లోనే ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

పార్టీలకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది వేరే లెక్క. ఒక నగరంలో లక్షమంది నల్లజాతి ఓటర్లున్నారనుకుందాం. 60 శాతం మంది పోలింగ్‌కు వచ్చి 90–10గా ఓటేస్తే డెమోక్రాట్లకు 54,000, రిపబ్లికన్లకు 6,000. ఆధిక్యం 48,000. ఇప్పుడు నిష్పత్తి అదే ఉండి 5,000 మంది ఇంట్లోనే కూర్చుంటే ఆధిక్యం 44,000. అలాకాక అందరూ వచ్చి 3,000 మంది మాత్రం పక్క పార్టీకి వేస్తే 51,000–9,000, ఆధిక్యం 42,000. అటు వెళ్లిన ఓటు ఒకచోట తగ్గి ఇంకోచోట పెరుగుతుంది కాబట్టి దెబ్బ రెట్టింపు. జార్జియాలో 2020లో బైడెన్ గెలిచింది 11,779 ఓట్లతో. అలా 3,000 ఓట్లు పక్క పార్టీకి పోయే నగరాలు రెండుంటే చాలు, ఆ ఆధిక్యం ఆవిరైపోతుంది.